పదో తరగతి: పొద్దున ఆరున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా బడే. పిల్ల సొంతంగా చదువుకునేదెప్పుడు?

కరీంనగర్_నాన్న
మా అమ్మాయి పదో తరగతి, ఇంగ్లిష్ మీడియం, ప్రైవేటు స్కూలు. సంక్రాంతి సెలవులు అయినప్పటి నుంచి పొద్దున ఆరున్నరకు బస్సెక్కితే రాత్రి ఎనిమిదికి దిగుతోంది. స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, మళ్లీ స్టడీ అవర్. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని తూగుతోంది. మొన్న ప్రీ-ఫైనల్ మార్కులు ఇచ్చారు. మిగతావి అన్నీ అరవై పైన ఉన్నాయి, లెక్కల్లో మాత్రం 80కి 37. ప్రిన్సిపాల్‌ని కలిస్తే "ఇంకో గంట పెంచుదాం సార్" అన్నారు. పెంచడానికి రోజులో గంట ఎక్కడ మిగిలింది?
రాత్రి స్టడీ అవర్ మాన్పించి ఇంటి దగ్గరే చదివిద్దామని నేను. మాన్పిస్తే స్కూలు వాళ్లు పట్టించుకోరు, ఇంటర్నల్ మార్కుల్లో కోత పెడతారు అని మా ఆవిడ. పిల్లనడిగితే "మీ ఇష్టం" అంటోంది. ఇంతకుముందు పదో తరగతి పిల్లల్ని చదివించినవాళ్లు చెప్పండి.

బ్యాక్‌బెంచ్_బాబు
ఇంకో గంటంటే నిద్రలోంచే కోస్తారు అన్నా. వేరే ఎక్కడా లేదు.

నెల్లూరు_దీప
మా వాడిది నిరుడు ఇదే కథ. ఫిబ్రవరిలో సాయంత్రం స్టడీ మాన్పించాం. మొదటి వారం స్కూలు నుంచి రోజూ ఫోన్లు, తర్వాత వాళ్లే మానేశారు. వాడు బాగానే రాశాడు. కానీ మాది ఆంధ్రా, ఇంటర్నల్స్ అనేవి లేవు, పరీక్షే వంద మార్కులకు. మీకు తెలంగాణలో పరీక్ష 80కే, మిగతా 20 ఇంటర్నల్స్, అవి వాళ్ల చేతిలో ఉంటాయి కాబట్టి ఆలోచించుకోండి.

సర్కారుబడి_టీచరమ్మ
అందరూ "మాన్పించండి" అనేలోపు నా మాట కూడా వినండి. నేను జగిత్యాల వైపు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ చెప్తాను. మా పిల్లల ఇళ్లలో చాలావరకు ఒకటే గది. అందులోనే టీవీ, అందులోనే వంట, అందులోనే తమ్ముళ్ల గొడవ. అమ్మానాన్న కూలి నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. బడి నుంచి త్వరగా పోతే ఆడపిల్ల చేతికి చీపురొస్తుంది, మగపిల్లాడు గ్రౌండ్‌లో తేలతాడు. సాయంత్రం గంటసేపు కూర్చోబెట్టి, ఇన్ని గుగ్గిళ్లో పకోడీయో పెట్టి, ఎదురుగా మేం ఉంటేనే వాళ్లు పుస్తకం తెరిచేది. స్టడీ అవర్ తీసేస్తే మా బడిలో పాసయ్యేవాళ్లు సగానికి పడిపోతారు.

కరీంనగర్_నాన్న
మేడమ్, మీ బడి సంగతి ఒప్పుకుంటాను. మీది గంట. మా వాళ్లది సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా. మా ఇంట్లో గది ఉంది, టీవీ కేబుల్ దసరాకే తీయించాం. నా బాధల్లా అలసట గురించే.

లెక్కల_ట్యూషన్
ఇంటర్నల్స్ భయం వదిలేయండి. ఆ 20 మార్కులు నాలుగు ఎఫ్‌ఏల (ఏడాది పొడవునా బడిలోనే పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్ల) సగటు. ప్రాజెక్టు, రాత పనులు, స్లిప్ టెస్టు, వీటన్నిటికీ రికార్డులు ఉండాలి, వాటిని చూడటానికి బయటి నుంచి టీమ్ వస్తుంది. రాత్రి స్టడీకి రాలేదని తగ్గించే వీలు లేదు.

బ్యాక్‌బెంచ్_బాబు
ప్రైవేటులో ఇరవైకి ఇరవై వెయ్యని స్కూలు ఉంటే చెప్పండి, వెళ్లి దండం పెట్టుకొస్తా.

పది_బీ_సెక్షన్
అంకుల్, నేను కూడా టెన్తే. స్టడీ అవర్‌లో ఏం జరుగుతుందో చెప్తాను. సార్ బోర్డు మీద "8వ పాఠం 4 మార్కుల ప్రశ్నలు" అని రాసి కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటారు. మేం గైడ్ తెరిచి పెదాలు కదిలిస్తాం. అరగంటకోసారి ఒకర్ని లేపి అప్పజెప్పమంటారు. అప్పజెప్పేటప్పుడు వస్తుంది, రాసేటప్పుడు రాదు. లెక్కలైతే ఇంకా విచిత్రం, గైడ్‌లో చేసిన లెక్కనే మళ్లీ నోట్స్‌లో ఎక్కిస్తాం. పేజీలు నిండితే చదివినట్టే లెక్క.

డల్లాస్_ప్రసాద్
మా టైమ్‌లో ఈ స్టడీ అవర్లూ లేవు, స్నాక్సూ లేవు. 1994 బ్యాచ్. పదకొండు పేపర్లు, 600 మార్కులు. పొలం నుంచి వచ్చి చదువుకునేవాళ్లం. రిజల్ట్ పేపర్లో హాల్ టికెట్ నంబరు వెతుక్కోవడమే, నంబరు లేకపోతే పశువుల కొట్టంలోకి. ఇప్పటి పిల్లలకు ఆరు పేపర్లు, అందులోనూ టెన్షన్ అంటారు.

నెల్లూరు_దీప
పదకొండు పేపర్లంటే ఒక్కో సబ్జెక్టు రెండు ముక్కలు ప్రసాద్‌గారూ, సగం సిలబస్ ఒకరోజు, మిగతా సగం ఇంకో రోజు. ఇప్పుడు మొత్తం పుస్తకం ఒకే పూట. ఏది తేలికో మీరే చెప్పండి.

డల్లాస్_ప్రసాద్
అది నిజమేనమ్మా. హిందీ తప్ప అన్నీ రెండేసి ఉండేవి. కానీ పొలం మాట అబద్ధం కాదు.

కరోనా_బ్యాచ్
మేం 2020. మార్చి 19న మొదలయ్యాయి, నాలుగు రోజులు తిరక్కముందే ఆపేశారు. జూన్‌లో ఇంటర్నల్స్ చూసి అందర్నీ పాస్ చేశారు. పెద్దలెవరైనా "మా కాలంలో" అంటే నేను మెల్లగా లేచి వెళ్లిపోతాను.

స్పాట్_మాస్టారు
పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కు చాలా ఏళ్లు వెళ్లినవాణ్ని, సబ్జెక్టు లెక్కలే. కరీంనగర్ నాన్నగారూ, స్టడీ అవర్ మాన్పించాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. మిగతా సబ్జెక్టుల్లో అరవై తెచ్చుకునే పిల్లకు లెక్కల్లో 37 ఎందుకొచ్చాయన్నది మొదటిది. ఆ ప్రీ-ఫైనల్ జవాబు పత్రం స్కూల్లో అడిగి ఇంటికి తెచ్చుకోండి. మార్కు ఎక్కడ పోయిందో పేజీ పేజీ చూడండి. లెక్క రాక పోయిందా, వచ్చి కూడా తప్పు చేసిందా, టైమ్ చాలలేదా? ఒక్కోదానికి మందు వేరు. "లెక్కల్లో వీక్" అని ఒక్క మాటలో తేల్చేసి ఇంకో గంట పెంచితే, ఆ గంటలో పిల్ల తనకు వచ్చిన లెక్కలే మళ్లీ చేస్తుంది. రానివి ఎవరూ తెరవరు.

సిద్దిపేట_శీను
మాస్టారు చెప్పింది కరెక్టు. మా తమ్ముడు త్రికోణమితి అంటే భయంతో ఏడాదంతా సమితులే చేశాడు. వెన్ చిత్రాలు మాత్రం భలే గీస్తాడు.

కరీంనగర్_నాన్న
పేపర్ తెచ్చాను. రాత్రి ఇద్దరం కూర్చుని చూశాం. పార్ట్-బి బిట్లు (బ్రాకెట్లో సరైన అక్షరం పెట్టే ఒక మార్కు ప్రశ్నలు) 20కి 11. రెండు మార్కులవి 12కి 10. నాలుగు మార్కులవి మూడే రాసింది, మూడూ కరెక్టు, 24కి 12. ఆరు మార్కుల సెక్షన్‌లో 24కి 4. గ్రాఫ్‌కు అక్షాలు గీసి వదిలేసింది, స్పర్శరేఖల నిర్మాణం ముట్టుకోనేలేదు. "రాదా?" అంటే వచ్చు అంది. తెల్ల కాగితం ఇచ్చాను. పది నిమిషాల్లో గీసి చూపించింది.

స్పాట్_మాస్టారు
మీ అమ్మాయికి లెక్కలు వచ్చు. పరీక్ష రాయడం రాదు. రెండు మార్కుల ప్రశ్నకు ఎంత రాసింది, పేజీ పైన రాసిందా?

కరీంనగర్_నాన్న
ఒక్కోటి పేజీ, పేజీంపావు. ప్రశ్న మొత్తం మళ్లీ ఎక్కించి, "ఇచ్చినది", "కనుగొనవలసినది" అని గీతలు కొట్టి మరీ రాసింది. స్కూల్లో అలాగే రాయమన్నారట.

స్పాట్_మాస్టారు
అక్కడే గంట పోయింది. మాకు వాల్యుయేషన్‌లో రోజుకు నలభై పేపర్ల దాకా చేతిలో పెడతారు. ప్రశ్నను మళ్లీ రాసింది ఎవరం చదవం. మార్జిన్‌లో ప్రశ్న సంఖ్య స్పష్టంగా ఉండాలి, సూత్రం రాయాలి, విలువలు ప్రతిక్షేపించాలి, జవాబు కింద గీత ఉండాలి. రెండు మార్కులకు ఐదారు వరుసలు చాలు. స్టెప్పుకు మార్కు ఉంటుంది కాబట్టి చివరి జవాబు తప్పినా సూత్రానికీ ప్రతిక్షేపణకూ మార్కు పడుతుంది, అందుకని సగం వచ్చిన లెక్క కూడా వదలొద్దు.
ఇంక బిట్లు. పార్ట్-బి ఇచ్చేది ఆఖరి అరగంటలో. 11 వచ్చాయన్నారు, మిగతా 9లో కొట్టేసి మళ్లీ రాసినవి ఎన్ని ఉన్నాయో చూడండి.

కరీంనగర్_నాన్న
మూడు ఉన్నాయి. అందులో రెండు మొదట తప్పు అక్షరం పెట్టి, తర్వాత దాని మీదే కరెక్టుది దిద్దింది. దిద్దినవాటికి సున్నా వేశారు. అది స్కూలు వాళ్ల అన్యాయం అనుకున్నాను.

స్పాట్_మాస్టారు
అన్యాయం కాదు, ప్రశ్నపత్రం మీదే ఉంటుంది ఆ నిబంధన. బిట్లలో దిద్దినా, కొట్టేసినా, చెరిపినా మార్కు ఉండదు. పిల్లలకు చెప్పి చెప్పి నోరు నొప్పి పెడుతుంది. పక్కన ప్రశ్నపత్రం మీద పెన్సిల్‌తో లెక్క చేసుకుని, ఖాయం అయ్యాకే బ్రాకెట్లో పెన్ను పెట్టాలి.

పది_బీ_సెక్షన్
సార్ ఈ మాట మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు. ప్రామిస్. నేను ప్రతి పరీక్షలో దిద్దుతాను.

సర్కారుబడి_టీచరమ్మ
చెప్పే ఉంటారు నాన్నా, నువ్వు పెదాలు కదిలిస్తూ ఉండి ఉంటావు.

బ్యాక్‌బెంచ్_బాబు
టీచరమ్మ ఒక్క దెబ్బకు పడగొట్టింది 😂

లెక్కల_ట్యూషన్
వెనకబడిన పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ ఎవరైనా ఉంటే ఒక మాట. 80 మార్కుల పేపర్లో పాసుకు కావాల్సింది 28. బిట్లు 20, రెండు మార్కులవి 12. ఈ రెంటిలోనే 32 ఉన్నాయి. భయపడే పిల్లవాడికి సరూప త్రిభుజాల సిద్ధాంతాలతో కుస్తీ పట్టించకుండా సంభావ్యత, సమితులు, శ్రేఢులు, నిరూపక జ్యామితి బాగా చేయించండి. పాసు ధైర్యం వచ్చాక మిగతావి.

వరంగల్_వాణి
ఇలా "పాసుకు సరిపడా" చెప్పడం వల్లే పిల్లలు ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుని ఏడుస్తున్నారు. త్రికోణమితి వదిలేసినవాడు ఫస్టియర్‌లో ఏం చేస్తాడు?

లెక్కల_ట్యూషన్
వాడు ఎంపీసీ తీసుకోడు మేడమ్. ఐటీఐకో, సీఈసీకో, పొలానికో పోతాడు. కానీ టెన్త్ మెమో లేకుండా ఐటీఐలో కూడా చాలా ట్రేడుల్లో చేరలేడు. నా దగ్గరికి వచ్చే పిల్లలు ఇద్దరు రకాలు, ఇద్దరికీ ఒకే పాఠం చెప్పలేను.

సిద్దిపేట_శీను
మా బాబాయి కొడుకు లెక్కల్లో తప్పి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాశాడు, పాసయ్యాడు, ఎలక్ట్రీషియన్ ఐటీఐ చేసి ఇప్పుడు నాకంటే ఎక్కువ సంపాదిస్తున్నాడు. ఇంట్లో మాత్రం అప్పట్లో చావు ఇల్లులా చేశారు. వాడు రెండు రోజులు అన్నం తినలేదు. సప్లిమెంటరీ పాసైతే ఏడాది పోదు కదా, అంత రభస దేనికి?

సర్కారుబడి_టీచరమ్మ
శీను చెప్పింది తల్లిదండ్రులు రిజల్ట్ రోజుకు ముందే మాట్లాడుకోవాలి. పిల్ల మరీ ముడుచుకుపోతుంటే, నిద్ర పట్టక తిరుగుతుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. పిల్లలు కూడా నేరుగా చేయొచ్చు.

కరీంనగర్_నాన్న
మాస్టారూ, పేపర్ ఏ వరుసలో రాయించాలి? ఒకటో ప్రశ్న నుంచి మొదలుపెడితే చివర్లో ఆరు మార్కులవి మిగిలిపోతున్నాయి.

స్పాట్_మాస్టారు
మీ అమ్మాయి లాంటివాళ్లు ఆరు మార్కుల సెక్షన్ ముందు రాయాలి. ఆరింట్లో నాలుగు రాస్తే చాలు. గ్రాఫ్, నిర్మాణం చేతికి తాజాగా ఉన్నప్పుడే గీయాలి. వృత్తం వ్యాసార్థం 6 సెం.మీ., బయటి బిందువు కేంద్రానికి 10 సెం.మీ. దూరం అని ఇస్తారనుకోండి, మధ్యబిందువు దగ్గర 5 సెం.మీ.తో ఇంకో వృత్తం, అది మొదటి వృత్తాన్ని కోసిన చోటికి గీతలు. కొలిస్తే 8 రావాలి. ఆఖరి పది నిమిషాల కంగారులో, పెన్సిల్ మొద్దుబారి గీస్తే 7.7 వస్తుంది, పిల్ల అదంతా చెరిపి మళ్లీ మొదలుపెడుతుంది.

లెక్కల_ట్యూషన్
ఇక్కడ మాస్టారితో నేను ఏకీభవించను. పెద్ద లెక్క ముందు పెట్టుకుని అది మధ్యలో ఆగితే చేతులు చల్లబడిపోతాయి. నా పిల్లల్ని ముందు రెండు మార్కులవి ఇరవై నిమిషాల్లో ముగించమంటాను, గడియారం చూసి. ఊపు వచ్చాక పెద్దవి.

స్పాట్_మాస్టారు
ఇరవై నిమిషాల్లో ముగించగలిగితే మీ వరుసే మంచిది. ఈ అమ్మాయి పేజీంపావు రాస్తోంది. ఇంట్లో రెండు వరుసలూ ఒక్కోసారి రాయించి చూడండి, ఏది కుదిరితే అది. పరీక్ష హాల్లో మాత్రం కొత్త ప్రయోగం చేయొద్దు.

నెల్లూరు_దీప
మాకైతే ఆంధ్రాలో మూడు గంటల పదిహేను నిమిషాలు. మొదటి పదిహేను నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికి. మా వాడు ఆ పదిహేను నిమిషాల్లో ఎనిమిది మార్కుల ఛాయిస్‌లో ఏది రాయాలో టిక్కు పెట్టుకున్నాడు. తర్వాత తడబాటు లేదు.

బ్యాక్‌బెంచ్_బాబు
మేం ఆ టైమ్‌లో ముందు బెంచీ వాడు ఎన్ని అడిషనల్స్ (అదనపు జవాబు కాగితాలు) తీసుకుంటాడా అని బెంగ పెట్టుకునేవాళ్లం. వాడు అడిషనల్ అని లేచిన ప్రతిసారీ కడుపులో దేవినట్టు ఉండేది. పేజీకి ఆరు వరుసలు రాసి ఏడు అడిషనల్స్ కట్టి, బయటికొచ్చి దారం సరిపోలేదని గొప్పలు.

కరోనా_బ్యాచ్
ఇప్పుడు తెలంగాణలో ఆ గొప్పలు కూడా లేవన్నా. 2025 నుంచి 24 పేజీల బుక్‌లెట్ ఒకటే. దారం పనే లేదు.

వరంగల్_వాణి
అందరూ లెక్కల మీదే పడ్డారు. తెలుగు సంగతి? మా పాప ఛందస్సు అంటే పారిపోతుంది. అమ్మభాషలోనే మార్కులు పోతున్నాయి.

తెలుగు_పంతులు
గణ విభజనంత సులువైన మార్కు ఇంకోటి లేదమ్మా. ముందు గురులఘువులు పెట్టించండి. సున్న ఉన్నా, విసర్గ ఉన్నా, దీర్ఘమైనా, సంయుక్తాక్షరానికి ముందున్నా గురువు. తర్వాత మొదటి మూడు అక్షరాలు చూడండి. భగణం వస్తే ఉత్పలమాల, నగణమైతే చంపకమాల, మగణమైతే శార్దూలం, సగణమైతే మత్తేభం. తర్వాత చివరిదాకా సరిచూసుకుని యతి స్థానం రాయాలి, పది, పదకొండు, పదమూడు, పద్నాలుగు, ఇదే వరుసలో. వారం రోజులు రోజుకో పద్యపాదం గోడ మీద అంటించి గుర్తులు పెట్టించండి, చాలు. ప్రతిపదార్థానికి మాత్రం అడ్డదారి లేదు, పుస్తకంలో నక్షత్రం గుర్తున్న పద్యాలు నోటికి రావాల్సిందే.

పది_బీ_సెక్షన్
టెలిగ్రామ్‌లో ఒక గ్రూపు ఉంది, 500 కడితే ముందురోజు రాత్రే పేపర్ ఇస్తామంటున్నారు. మా క్లాసులో ఇద్దరు కట్టారు.

స్పాట్_మాస్టారు
ఆ ఇద్దరికీ గుండు కొట్టారు. పాత మోడల్ పేపర్‌కు తేదీ మార్చి పంపుతారు. పైగా పేపర్ పంచుకుంటూ దొరికితే కేసు. 2023 ఏప్రిల్లో తాండూరులో తెలుగు పేపర్ ఫోటో వాట్సాప్‌లో తిరిగింది, అది కూడా పరీక్ష మొదలయ్యాక. దానివల్ల ఎవరికీ మార్కు రాలేదు, అరెస్టులు మాత్రం అయ్యాయి. నువ్వు ఆ గ్రూపులోంచి ఈ రాత్రే బయటికి రా.

పది_బీ_సెక్షన్
వచ్చేశా సార్. నేను కట్టలేదు, చూస్తున్నా అంతే.

కరీంనగర్_నాన్న
స్కూలుకు వెళ్లొచ్చాను. ఒక గంట వాదన. చివరికి "మార్కులు తగ్గితే స్కూలుకు సంబంధం లేదు" అని నాతో రాయించుకుని, సాయంత్రం ఆరింటికి పంపడానికి ఒప్పుకున్నారు. సంతకం పెట్టేటప్పుడు మా ఆవిడ మొహం చూడాల్సింది. ఇప్పుడు పిల్ల ఆరున్నరకు ఇంట్లో ఉంటోంది. గంట పడుకుంటోంది, లేచి తొమ్మిదిన్నర దాకా గైడ్ లేకుండా చేస్తోంది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా పాత పేపర్ ఇచ్చి కూర్చోబెట్టాం. పార్ట్-బి అరగంట ముందే చేతికి ఇచ్చాను, అసలు పరీక్షలో లాగా. 80కి 54 వచ్చాయి. దిద్దింది నేనే కాబట్టి ఒకటి రెండు అటూ ఇటూ.

వరంగల్_వాణి
నాన్న దిద్దితే 54, స్పాట్‌లో దిద్దితే 50 అనుకోండి. అయినా 37 మీద చాలా నయం. మా ఇంట్లో కూడా ఈ ఆదివారం మొదలు.

సర్కారుబడి_టీచరమ్మ
రాయించుకోవడం బాగాలేదు. కానీ ఆ ఆదివారం పద్ధతి మా బడిలో కూడా పెడతాను, ఇంట్లో కుదరని పిల్లలకు బడి తలుపులు తెరిచి. హెచ్‌ఎం సారును ఒప్పించాలి.

లెక్కల_ట్యూషన్
ఎక్కడ పోయాయి ఈసారి?

కరీంనగర్_నాన్న
గ్రాఫ్ వేసింది, స్కేలు రాయలేదు. నేను ఒక మార్కు తీశాను, అది అలిగింది.

పది_బీ_సెక్షన్
గ్రాఫ్ డౌటు సార్. ఎక్స్ స్క్వేర్ మైనస్ ఎక్స్ మైనస్ 6 వేస్తే 0 దగ్గరా, 1 దగ్గరా రెండిటికీ మైనస్ 6 వస్తోంది. ఆ రెండు చుక్కల మధ్య స్కేలు పెట్టి గీత గీసేయొచ్చా?

స్పాట్_మాస్టారు
గీయకూడదు. పిల్లల్లో సగం మంది అక్కడ అడుగు చదునుగా గీసి గిన్నెలా చేస్తారు. అర దగ్గర విలువ వేసి చూడు, మైనస్ 6.25 వస్తుంది. వక్రం ఆ రెండు చుక్కల మధ్య కొంచెం కిందికి దిగి పైకి లేవాలి. స్కేలు వాడకు, చేత్తో నునుపుగా గీయి. ఎక్స్ అక్షాన్ని మైనస్ 2 దగ్గరా 3 దగ్గరా కోస్తుంది, ఆ రెండూ శూన్యాలు అని కింద వాక్యంలో రాయి. మూల మీద స్కేలు రాయి, లేకపోతే కరీంనగర్ నాన్నగారు మార్కు తీసేస్తారు.

పది_బీ_సెక్షన్
ఓకే సార్. మరి ఓజైవ్ వక్రానికి...

స్పాట్_మాస్టారు
అది రేపు. పదకొండు కావస్తోంది, ఫోన్ అమ్మకిచ్చి పడుకో.